ఐదు మాటలూ, ఇరవై ఒకటో నిబంధనా

జీడిమెట్లలో నేను పనిచేసిన ఒక ఫ్యాక్టరీలో, పర్చేజ్ సెక్షన్‌లో నా బల్లమీదికి ఒకరోజు మూడు కొటేషన్లు వచ్చాయి. మూడూ ఒకే బేరింగ్‌కి. మూడు లెటర్‌హెడ్లు, మూడూ రాణిగంజ్ చిరునామాలే. ధరలు 8,200, 8,650, 8,900. అంతా పద్ధతిగానే ఉంది. సంతకం పెట్టబోతూ మరోసారి చూశాను. 'బేరింగ్' అన్న ఇంగ్లిష్ మాటలో ఒక అక్షరం తప్పుపడింది. మూడు కాగితాల్లోనూ అదే అక్షరం, అదే చోట తప్పు.

మెయింటెనెన్స్ ఫోర్‌మన్‌ని పిలిపించాను. ఆయనేమీ దాచలేదు. "పంపు ఆగి రెండు షిఫ్టులైంది సార్. సరుకు ఆ ఒక్క షాపులోనే ఉంది. మూడు కొటేషన్లు లేకపోతే మీరు పర్చేజ్ ఆర్డరు ఇవ్వరు కదా. మిగతా రెండూ ఆ షాపాయన్నే అడిగి తెచ్చాను" అన్నాడు. నేను వేరేగా ఫోన్లు చేసి కనుక్కున్నాను. ధర సరైనదే. సరుకూ అసలైనదే.

మా వృత్తిలో ఇలాంటి కాగితాలకు 'సపోర్టింగ్ కొటేషన్లు' అని పేరు. పేరు పెట్టుకునేంతగా అలవాటైపోయిన అబద్ధం అది. 5,000 దాటితే మూడు కొటేషన్లు ఉండాలన్న నిబంధన రాసినవాళ్లలో నేనూ ఒకణ్ని. కొనేవాడు నాలుగు షాపులు తిరిగి ధర తెలుసుకోవాలన్నదే మా ఉద్దేశం. ఆ రోజు నిబంధన అక్షరాలా నెరవేరింది, ఉద్దేశం గాలికి పోయింది. నిజాయితీగా పనిచేసే మనిషి చేత మా కాగితమే అబద్ధం ఆడించింది. ఆ సంగతి చాలాకాలం నన్ను కుదురుగా ఉండనివ్వలేదు.

అప్పటినుంచి కొనుగోళ్లలో ఎక్కడ గట్టిగా పట్టాలి, ఎక్కడ దారి చూపి వదిలెయ్యాలి అన్న ప్రశ్న వచ్చినప్పుడల్లా రెండు పాఠాలు పక్కపక్కన పెట్టుకుని చదువుతున్నాను. ఒకటి భారత ప్రభుత్వ సాధారణ ఆర్థిక నిబంధనలు. అందరూ జీఎఫ్‌ఆర్ అంటారు. 1947లో మొదటిసారి వచ్చాయి, 1963లో, 2005లో, 2017లో మారుతూ వచ్చాయి. రెండోది నెట్‌ఫ్లిక్స్ కంపెనీ 2009లో ఇంటర్నెట్‌లో అందరికీ కనిపించేలా పెట్టిన స్లైడ్లు. రీడ్ హేస్టింగ్స్, ప్యాటీ మెకార్డ్ కలిసి తయారుచేసిన ఆ స్లైడ్లు నూట పాతిక దాకా ఉంటాయి. ఖర్చుల గురించి అందులో ఉన్న విధానం ఇంగ్లిష్‌లో ఐదే మాటలు: ఏం చేసినా నెట్‌ఫ్లిక్స్ మేలు కోరి చెయ్యండి అని.

ఈ రెంటినీ పోల్చడం న్యాయమేనా అని అడగొచ్చు. ఒకటి ప్రజల సొమ్ముకు కాపలా. కాగ్‌కూ పార్లమెంటుకూ జవాబు చెప్పుకోవాల్సిన సొమ్ము. రెండోది ఒక ప్రైవేటు కంపెనీ తన ఉద్యోగులకు చెప్పుకున్న మాట. అయినా పోలుస్తున్నాను. ఎందుకంటే హైదరాబాద్‌లో నేను చూసిన పర్చేజ్ పాలసీలు చాలావరకు ఈ రెంటిలో ఏదో ఒకదాని పిల్లలే. ప్రభుత్వ రంగ సంస్థల్లో రిటైరై వచ్చినవాళ్లు రాసిన పాలసీలో జీఎఫ్‌ఆర్ వాసన వస్తుంది. స్టార్టప్ కుర్రాళ్లు రాసుకున్న పాలసీలో ఆ స్లైడ్ల వాసన వస్తుంది. ఇద్దరూ తాము ఎక్కణ్నుంచి తెచ్చుకున్నారో ఆ మూలాన్ని నిదానంగా చదివినట్టు కనిపించదు.

చదివితే మొదట ఆశ్చర్యం కలిగేది ఏమిటంటే, రెండూ ఒకే చోట మొదలవుతాయి. జీఎఫ్‌ఆర్ 21వ నిబంధన ఆర్థిక ఔచిత్యం గురించి. సామాన్యమైన వివేకం ఉన్న మనిషి తన సొంత డబ్బు ఖర్చుపెట్టేటప్పుడు ఎంత జాగ్రత్తగా ఉంటాడో, ప్రజల సొమ్ము దగ్గర ప్రతి అధికారీ అంత జాగ్రత్తగా ఉండాలని దాని సారాంశం. నెట్‌ఫ్లిక్స్ కూడా తొలిరోజుల్లో ఉద్యోగులకు చెప్పింది ఇదే: కంపెనీ డబ్బును నీ డబ్బులా చూసుకో అని. హేస్టింగ్స్ 2020లో ఎరిన్ మేయర్‌తో కలిసి రాసిన 'నో రూల్స్ రూల్స్' పుస్తకంలో, ఆ మాట ఎందుకు పనికిరాకపోయిందో చెప్పుకున్నాడు. తన డబ్బుతోనే విమానంలో ఖరీదైన సీటు కొనుక్కునే మనిషికి కంపెనీ డబ్బుతోనూ అదే సీటు న్యాయంగా కనిపిస్తుంది. చిన్నప్పటినుంచి రూపాయి రూపాయి కూడబెట్టుకున్న మనిషికి అవసరమైన ఖర్చు కూడా దుబారాలా కనిపిస్తుంది. అందుకని ఆ మాట వదిలేసి కంపెనీ మేలు అన్న మాటకు వచ్చారు.

ఇక్కడ నా తీర్పు జీఎఫ్‌ఆర్ వైపే. అది 'నీ డబ్బులా' అనలేదు. 'సామాన్య వివేకం ఉన్న మనిషి తన డబ్బులా' అంది. ఖర్చుపెట్టే అధికారి స్వభావంతో దానికి పనిలేదు. దుబారా మనిషైనా, పిసినారి అయినా, కొలత మాత్రం మూడో మనిషిది. సొమ్మొకడిది సోకొకడిది అని మనవాళ్లు ఏనాడో పసిగట్టిన జబ్బుకు, నెట్‌ఫ్లిక్స్ తడబడుతూ వెతుక్కున్న మందు, ఈ చిన్న పదబంధంలో ముందే ఉంది. మన ఆఫీసుల్లో ఆడిట్ పారాలకు జవాబులు రాసేవాళ్లు 21వ నిబంధనను ఎదుటివాడి తప్పు పట్టడానికి వాడుకోవడమే చూశాను. కొత్తగా చేరిన కొనుగోలు గుమాస్తాకు మొదటిరోజు పాఠంగా చెప్పడం నేనెక్కడా చూడలేదు. మంచి సలహా ఒకటి శిక్షాస్మృతిలో పడి మూగబోయింది.

ఇక భాష సంగతి. నెట్‌ఫ్లిక్స్ స్లైడ్లు ఎదురుగా కూర్చుని మాట్లాడినట్టుంటాయి. ఐదు మాటల కింద చిన్న వివరణ ఉంది. కంపెనీ పని లేకపోతే పెట్టని ఖర్చును మాత్రమే కంపెనీకి రాయమంటుంది. సరుకు అమ్మేవాళ్లు ఇచ్చే చెప్పుకోదగ్గ కానుకలను బయటపెట్టమంటుంది. ఈ కానుకల మాట గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాను. జీఎఫ్‌ఆర్ భాష దీనికి పూర్తిగా ఎదురు. వాక్యం తర్వాత వాక్యంలో కర్త కనబడడు. కొనుగోలు 'చేయబడాలి', కారణాలు 'నమోదు కావాలి', ఆమోదం 'పొందబడాలి'. చదివేవాడికి ఇది తనకే చెబుతున్నారన్న స్పృహ రాదు.

ఒక్కచోట మాత్రం ఆ గోడకు కిటికీ తెరుచుకుంటుంది. 154వ నిబంధన. కొటేషన్లు లేకుండా కొనడానికి వీలిచ్చే నిబంధన అది. 2005 పాఠంలో ఇలాంటి కొనుగోలు పరిమితి ఒక్కో విడతకు 15,000 రూపాయలు, 2017 పాఠంలో 25,000. ఇలా కొనాలంటే అధికారి ఒక ధ్రువపత్రం రాసివ్వాలి. అది ఉత్తమ పురుషలో ఉంటుంది. నేను, ఫలానా, ఈ సరుకు కావాల్సిన నాణ్యతతో, కావాల్సిన కొలతలతో ఉందనీ, నమ్మదగిన దుకాణంలో న్యాయమైన ధరకు కొన్నాననీ స్వయంగా తృప్తిపడ్డాను అని దాని భావం.

ఈ వాక్యాన్ని నేను చాలాసార్లు చదివాను. చదివినకొద్దీ గౌరవం పెరిగింది. కొనేముందు ఏమేం చూడాలో అందులో ఉంది: నాణ్యత, కొలత, దుకాణం, ధర. కొత్తవాడికి అంతకన్నా మంచి పాఠం లేదు. రేపు తేడా వస్తే ఎవరిని అడగాలో కూడా అందులోనే ఉంది, ఆ 'నేను'లో. దారి చూపడం, పట్టుకోవడం రెండూ ఒకే వాక్యంలో ఇమిడిపోయాయి. నెట్‌ఫ్లిక్స్ ఐదు మాటల్లో మేలు కోరమన్నారే గానీ, మేలు ఎలా కనిపెట్టాలో చెప్పలేదు. ఆ పని మేనేజర్ల నోటికి వదిలేశారు. కంట్రోల్ కాదు, కాంటెక్స్ట్ ఇవ్వాలన్నది వాళ్ల సిద్ధాంతం. మేనేజర్ మంచివాడైతే ఉద్యోగికి దారి దొరుకుతుంది. మేనేజర్ బద్ధకస్తుడైతే ఐదు మాటలే మిగులుతాయి.

హేస్టింగ్స్ పుస్తకంలో ఒక సలహా మాత్రం నాకు ఎంతో నచ్చింది. ఏదైనా కొనేముందు, రేపు నా ముందూ మీ మేనేజర్ ముందూ నిలబడి ఇదెందుకు కొన్నావో చెప్పాల్సి వస్తుందని ఊహించుకో, ధైర్యంగా చెప్పగలిగితే అడక్కుండానే కొనెయ్ అని. 154 ధ్రువపత్రానికి ఇది దగ్గరి చుట్టం. తేడా అల్లా, ఒకటి ఊహలో నిలబడమంటుంది, ఇంకోటి కాగితం మీద సంతకంతో నిలబడమంటుంది. నేను కాగితం పక్షం. ఊహలో మనకు మనం ఎప్పుడూ మంచి మార్కులే వేసుకుంటాం.

ఆ తర్వాతి 155వ నిబంధన ఇంకా విచిత్రం. 2017 పాఠం ప్రకారం 25,000 దాటి 2,50,000 వరకు ముగ్గురు సభ్యుల స్థానిక కొనుగోలు కమిటీ కొనాలి. ఆ ముగ్గురూ బజారు పరిశీలించాలని అందులో ఉంది. ధర న్యాయమో కాదో, సరుకు నాణ్యమో కాదో, అమ్మేవాడు తగినవాడో కాదో చూసి, ముగ్గురూ ఉమ్మడిగా రాసివ్వాలి. బజారుకు వెళ్లమని ఉద్యోగికి చెప్పే నిబంధన! రాణిగంజ్‌లోనో బేగంబజార్‌లోనో గంటసేపు తిరిగితే ఏ సరుకు ఎవరి దగ్గర మంచిదో, ఎవరు కొత్తగా దుకాణం తెరిచారో, ఎవరు పాత సరుకు తోస్తున్నారో తెలిసిపోతుంది. ఆ ఎండలో తిరిగి వచ్చినవాడికి ఎవరూ దొంగ కొటేషన్ అంటగట్టలేరు. కానీ నేను చూసిన కమిటీలు కుర్చీల్లోంచి లేవవు. అటెండర్ తెచ్చిన మూడు కాగితాల కింద మూడు సంతకాలు పడతాయి. నడవమన్న నిబంధన కూర్చున్నచోటే నెరవేరిపోతుంది.

దీనికి కారణం నిబంధనలో లేదు, దాన్ని తనిఖీ చేసే తీరులో ఉంది. ఆడిట్‌కు వచ్చినవాళ్లు కాగితం ఉందా లేదా చూస్తారు. బేరింగ్ ఎన్నాళ్లు తిరిగిందో చూడరు. మూడు కొటేషన్లున్న చెత్త సరుకు నిశ్చింతగా గట్టెక్కుతుంది, ఒకే కొటేషన్ ఉన్న మంచి సరుకుకు మెమో వస్తుంది. ఇది పదేపదే జరిగితే ఉద్యోగి ఏం నేర్చుకుంటాడో వేరే చెప్పక్కర్లేదు. అవసరాన్ని ముక్కలు చేసి పైవాళ్ల ఆమోదం తప్పించుకోకూడదని 157వ నిబంధన గట్టిగానే చెబుతుంది. ఇన్వాయిస్ తేదీలు ఒకరోజు తేడాతో, మొత్తాలు పరిమితికి కొంచెం కింద ఉన్న ఫైళ్లు ఎన్నో చూశాను. అందులో దొంగతనం చేసినవాళ్లు తక్కువ. పని ఆగిపోతుందన్న భయంతో చేసినవాళ్లే ఎక్కువ.

ప్రభుత్వానికి ఈ సంగతి తెలియక కాదు. తక్కువ ధర కోట్ చేసినవాడికే, అంటే ఎల్1కే ఆర్డరివ్వాలన్న పట్టుదలకు పరిమితులున్నాయని 2021 అక్టోబరు 29న ఆర్థిక శాఖ ఇచ్చిన సాధారణ సూచనల్లో ఒప్పుకుంది. పనులకూ, కన్సల్టెన్సీ కాని సేవలకూ కొన్ని షరతుల మీద నాణ్యతకు 30 శాతం దాకా మార్కులు ఇవ్వొచ్చంది. 2025 జూన్‌లో శాస్త్ర పరిశోధన సంస్థలకు కొటేషన్ లేకుండా కొనే పరిమితిని లక్ష నుంచి 2 లక్షలకు పెంచింది. పరికరాలు, రసాయనాలు ప్రభుత్వ కొనుగోళ్ల వేదిక అయిన జెమ్ పోర్టల్ బయట కొనే అధికారం కూడా డైరెక్టర్లకు ఇచ్చింది. మన హైదరాబాద్‌లో సీసీఎంబీ, ఐఐసీటీ లాంటి ల్యాబ్‌లకు ఇది చిన్న విషయం కాదు. ఒక రసాయనం శుద్ధత అరశాతం తగ్గితే ఆరు నెలల ప్రయోగం బూడిదవుతుంది. చవక సీసా తెప్పించి ఆ నష్టం ఏ పద్దులో రాసుకుంటారు?

మంచి మార్గదర్శనం కూడా ప్రభుత్వం దగ్గరే ఉంది. వస్తువుల సేకరణకు ఆర్థిక శాఖ వేసిన మాన్యువల్ 2017లో వచ్చింది, 2022లోనూ 2024లోనూ సవరించారు. ఏ దశలో ఏ మోసానికి, ఏ పొరపాటుకు ఆస్కారం ఉందో, దాన్ని ఎలా తప్పించుకోవాలో పట్టికలు వేసి మరీ చెప్పారు. చదివితే అనుభవం ఉన్న పెద్దాయన పక్కన కూర్చుని హెచ్చరిస్తున్నట్టుంటుంది. కానీ జీఎఫ్‌ఆర్ బల్లమీద ఉంటుంది, మాన్యువల్ బీరువాలో ఉంటుంది. మెమో వచ్చాక గానీ బీరువా తాళం తియ్యరు.

ఇప్పుడు నెట్‌ఫ్లిక్స్ వైపు తిరుగుదాం. జీఎఫ్‌ఆర్ జబ్బు ముందే బిగపట్టడమైతే, ఈ కంపెనీ ముందు వదిలేసి తర్వాత చూసుకుంటానంది. బిల్లులు మేనేజర్ చూస్తాడు, లేదా ఆడిట్ చూస్తుంది. తప్పు చేసినవాడు దొరికితే ఉద్యోగం పోతుంది. ప్రయాణాలకూ భోజనాలకూ ఇది బాగానే నడిచింది. అందుకే ప్రపంచమంతా చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లలో ఒక కేసు ఎవరికీ వినబడలేదు. 2011 చివరినుంచి 2014 జూలై దాకా నెట్‌ఫ్లిక్స్‌లో ఐటీ ఆపరేషన్స్ ఉపాధ్యక్షుడిగా ఉన్న వ్యక్తి, కంపెనీకి సాఫ్ట్‌వేర్, సేవలు అమ్మే తొమ్మిది టెక్ కంపెనీల దగ్గర లంచాలు తీసుకున్నాడు. డబ్బు రూపంలో 5 లక్షల డాలర్లకు పైగా, ఆ పైన స్టాక్ ఆప్షన్లు. ప్రతిఫలంగా ఆ కంపెనీలతో నెట్‌ఫ్లిక్స్ కాంట్రాక్టులను ఆయనే ఆమోదించేవాడు. 2021 ఏప్రిల్‌లో శాన్‌హోసేలో జ్యూరీ 28 అభియోగాల్లో దోషిగా తేల్చింది. అదే ఏడాది అక్టోబరులో 30 నెలల జైలుశిక్ష పడింది.

సరుకు అమ్మేవాళ్ల కానుకలు బయటపెట్టమన్న వాక్యం ఆ స్లైడ్లలో ఉంది. గుర్తుంచుకోమన్నాను కదా. చెప్పడంలో ఆ కంపెనీ ఏ లోటూ చెయ్యలేదు. కానీ ఉద్యోగి తనంతట తను బయటపెట్టాల్సిన సంగతిని, బయటపెట్టకూడదనుకున్నవాడి దగ్గరే వదిలేసింది. సలహా మంచివాడికి దారి, దొంగకు తెర. కంచే చేను మేస్తున్నప్పుడు చేనుకు సలహా ఇచ్చి లాభం లేదు. మన 155వ నిబంధనలోని ముగ్గురు అక్కడ ఉండి ఉంటే అన్నీ ఆగిపోయేవని అనను. మన దగ్గర ముగ్గురూ కలిసి తిన్న సందర్భాలు లేకపోలేదు. ఒక్కడి చేతిలో ఎంపిక, ఒక్కడి చేతిలో సంతకం ఉన్నప్పుడు లంచం ఇచ్చేవాడి పని తేలిక అని మాత్రం అంటాను.

ఇంత దూరం వెళ్లి అమెరికా కథ చెప్పడం దేనికంటే, నా బల్లకు ఆ చివర అదే కథ నడిచింది. ఆ బేరింగ్ సంవత్సరంలోనే మా ఫ్యాక్టరీకి అట్టపెట్టెల వార్షిక కాంట్రాక్టు ఇచ్చారు. లక్షల్లో మాట. ఫైలు అద్దంలా ఉంది. మూడు కొటేషన్లు, పోలిక పట్టిక, కింద అందరి సంతకాలు. స్పెల్లింగ్ తప్పులు కూడా లేవు. మూడేళ్లకు తెలిసింది, ఆర్డరు పొందిన సంస్థ మా పర్చేజ్ మేనేజరు బావమరిది భార్య పేరుమీద ఉందని. ఆ మూడేళ్లలో 8,200 రూపాయల బేరింగ్ ఇండెంట్లను ఆపి, ఫోర్‌మన్‌ని సంజాయిషీ అడుగుతూ నేను ఎన్ని పూటలు ఖర్చుచేశానో తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. కాపలా అంతా వెనక గుమ్మం దగ్గర పెట్టుకున్నాం. ముందు తలుపు తాళంచెవి చేతిలో ఉన్న మనిషిని మా పాలసీ ఒక్క ప్రశ్నా అడగలేదు.

రెండు పాఠాలూ చివరికి ఒకే పొరపాటు చేశాయని నేను అనుకుంటున్నాను. కఠినత్వాన్ని రెండూ సరుకు దగ్గర, బిల్లు దగ్గర కొలిచాయి. జీఎఫ్‌ఆర్ రూపాయల మెట్లు కట్టి మెట్టు మెట్టుకూ కాగితాలు పెంచింది. నెట్‌ఫ్లిక్స్ మెట్లే వద్దని చదును చేసేసింది. కొలవాల్సింది అధికారాన్ని. ఎవరు సప్లయర్‌ని జాబితాలో చేర్చగలరు, ఎవరు స్పెసిఫికేషన్ రాయగలరు, ఎవరు ధర ఖాయం చెయ్యగలరు అన్నది చూడాలి. ఈ మూడు పనులూ ఒకే మనిషి చేతిలో పడకూడదు. ఈ పనులు చేసేవాళ్లు బంధుత్వాలు, వాటాలు ఏటా రాసివ్వాలి. రాసిచ్చింది నిజమో కాదో ఇంకొకరు కంపెనీ రిజిస్ట్రార్ దగ్గరా, జీఎస్టీ వివరాల్లోనూ సరిచూడాలి. ఇక్కడ సలహా పనికిరాదు. ఇక్కడ నేను జీఎఫ్‌ఆర్ కన్నా మొండిగా ఉంటాను.

దానికి బదులుగా ఫోర్‌మన్‌ని వదిలెయ్యాలి. వదిలెయ్యడమంటే గాలికి కాదు. మేము ఆ తర్వాత చేసిన మార్పు చిన్నదే. కొటేషన్ పరిమితిని 5,000 నుంచి 25,000కి పెంచాం. ఇండెంట్ ఫారం వెనకవైపు నాలుగు లైన్లు తెలుగులో అచ్చువేయించాం: సరుకు చూశాను, కొలత సరిపోయింది, ఈ షాపులోనే ఎందుకు కొన్నానంటే, ధర పోల్చింది ఎక్కడంటే. చివర 'నేను' అని ఉండి పక్కన సంతకానికి ఖాళీ. 154వ నిబంధన నుంచి తెచ్చుకున్నామని దాచుకోలేదు. ఆ ఫారం మీద ఫోర్‌మన్ మొదటిసారి రాసింది నాకిప్పటికీ గుర్తుంది: "ఇతర షాపుల్లో లేదు. రెండు చోట్ల ఫోన్ చేశాను. పంపు ఆగింది." మూడు లెటర్‌హెడ్ల కన్నా ఆ మూడు వాక్యాలకే నేను ఎక్కువ విలువిస్తాను.

ఇబ్బందులు రాలేదా అంటే వచ్చాయి. ఒక స్టోర్స్ ఉద్యోగి ఆ నాలుగు లైన్లనూ ప్రతిసారీ ఒకేలా నింపేవాడు. ధర పోల్చింది ఎక్కడంటే 'మార్కెట్‌లో' అని. మెమో ఇవ్వలేదు. ఒక శనివారం మా సీనియర్ ఒకాయన అతన్ని స్కూటర్ మీద ఎక్కించుకుని రాణిగంజ్‌కు తీసుకెళ్లాడు. సాయంత్రానికి ఆ కుర్రాడి జేబులో పదకొండు విజిటింగ్ కార్డులున్నాయి. ఆ తర్వాతి ఫారాల్లో షాపుల పేర్లు కనిపించడం మొదలైంది.

ఎవరైనా పర్చేజ్ పాలసీ రాసే పని మీద వేసుకుంటే నాదొక విన్నపం. చిన్న కొనుగోళ్ల పేజీ కాసేపు పక్కన పెట్టండి. మీ కంపెనీలో సప్లయర్‌ని ఎంచే అధికారం ఉన్న ప్రతి ఒక్కరి పేరూ తెల్లకాగితం మీద రాసుకోండి. మీ పేరు కూడా. రాత అక్కడినుంచి మొదలుపెట్టండి.